కార్ల ఫ్యాక్టరీలో చేరడం, నిలదొక్కుకోవడం: ఐటీఐ, డిప్లొమా అభ్యర్థులకు సమగ్ర మార్గదర్శి

పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో కియా కర్మాగారం 2019లో ఉత్పత్తి మొదలుపెట్టినప్పటి నుంచి ఐటీఐ, డిప్లొమా పూర్తిచేసిన పిల్లలు, వారి తల్లిదండ్రులు నన్ను అడుగుతున్న ప్రశ్న ఒక్కటే: అలాంటి అంతర్జాతీయ కంపెనీలో చేరాలంటే ఏం చేయాలి, చేరాక మధ్యలో వదిలేసి రాకుండా ఎలా నిలబడాలి? కార్ల అసెంబ్లీ లైన్ మీద ఆపరేటరుగా మొదలై, తర్వాత లైన్ లీడరుగా కొత్తవాళ్లకు పని నేర్పినవాణ్ణి కాబట్టి, వారికి విడివిడిగా చెప్పినదంతా ఇక్కడ వరుసలో పెడుతున్నాను. ఎర్రమంచి కియాకే కాదు, శ్రీసిటీలోని ఇసుజు, ఇరుంగాట్టుకోట్టై హ్యుందాయ్, బిడది టయోటా వంటి ఏ కార్ల కర్మాగారానికైనా ఇందులో ఎక్కువ భాగం వర్తిస్తుంది.

## 1. ఏ దారిలో లోపలికి వెళ్తున్నారో ముందే తేల్చుకోండి

గేటు ఒకటే అయినా దానిలోంచి వెళ్లే దారులు నాలుగు. అప్రెంటిస్‌గా వెళ్లడం మొదటిది. ఐటీఐ వారు అప్రెంటిస్‌షిప్ ఇండియా పోర్టల్‌లో, డిప్లొమా వారు నాట్స్ (జాతీయ అప్రెంటిస్‌షిప్ శిక్షణ పథకం) పోర్టల్‌లో నమోదు చేసుకోవాలి. రెండవది కాంట్రాక్టరు ద్వారా లేదా నిర్ణీత కాలానికి చేరడం. మూడవది కంపెనీ సొంత రోల్స్‌లో ట్రెయినీగా చేరడం. నాలుగవది చాలామంది చిన్నచూపు చూసేది: కర్మాగారం చుట్టూ ఉండే విడిభాగాల కంపెనీలో చేరడం. హ్యుందాయ్ మోబిస్ వంటి సరఫరా సంస్థలో రెండేళ్లు క్రమశిక్షణతో పనిచేసిన కుర్రవాడు, ఎక్కడా పనిచేయకుండా పెద్ద కంపెనీ పిలుపు కోసం రెండేళ్లు ఇంట్లో కూర్చున్న కుర్రవాడి కంటే ఇంటర్వ్యూలో ఎంతో ముందుంటాడని నా అనుభవం.

చేతికిచ్చిన లెటరులో ఈ నాలుగింటిలో ఏది రాసి ఉందో చదవకుండా సంతకం చేయవద్దు. అప్రెంటిస్‌కు వచ్చేది జీతం కాదు, స్టయిపెండ్. అప్రెంటిస్ చట్టం కింద చేరినవారికి పీఎఫ్, ఈఎస్‌ఐ ఉండవు. శిక్షణ ముగిశాక అక్కడే ఉద్యోగం ఇచ్చి తీరాలన్న నిర్బంధం కూడా సాధారణంగా కంపెనీకి ఉండదు. అయినా ఆఖరున వచ్చే అప్రెంటిస్ సర్టిఫికెట్‌కు విలువ ఉంది కనుక అది దొరికే దారి మంచిదే. కాకపోతే పర్మనెంట్ ఉద్యోగం వచ్చిందని ఊళ్లో చెప్పుకొని, ఏడాది తిరిగాక బాధపడే పరిస్థితి తెచ్చుకోకూడదు.

డబ్బు కట్టించుకుని ఉద్యోగం ఇప్పిస్తామనే వారిని నమ్మవద్దు. డిపాజిట్ అన్నా, యూనిఫాం ఖర్చు అన్నా, గేట్ పాస్ ఫీజు అన్నా అది మోసమే. అలా కట్టడానికి తాకట్టు పెట్టిన పుస్తెలతాడు విడిపించుకోలేక తల్లులు ఏడవడం నేను కళ్లారా చూశాను.

## 2. కాగితాలు: పేరు దగ్గరే ఎక్కువమంది ఆగిపోతారు

మన వాళ్లకు వచ్చే పెద్ద చిక్కు ఇంటిపేరుతోనే వస్తుంది. పదో తరగతి మెమోలో ఇంటిపేరు పూర్తిగా ముందుంటుంది, ఆధార్‌లో ఒక్క అక్షరానికి కుదించి వెనక ఉంటుంది, బ్యాంకు పుస్తకంలో అసలే ఉండదు. చదివేవారికి ముగ్గురూ ఒకరే అని తెలుస్తుంది గానీ కంప్యూటరుకు తెలియదు. యూఏఎన్ (పీఎఫ్ ఖాతాదారుకు ఇచ్చే శాశ్వత నంబరు) వివరాలు ఆధార్‌తో సరిపోలకపోతే పీఎఫ్ ఖాతా తెరవడమే ఆగిపోతుంది.

కాబట్టి పదో తరగతి మెమోను ప్రమాణంగా పెట్టుకుని, దాంట్లో ఎలా ఉందో అలాగే ముందు ఆధార్, తర్వాత పాన్, ఆ తర్వాత బ్యాంకు ఖాతా సరిచేయించుకోండి. వరుస తప్పితే ఒకే పని రెండుసార్లు చేయాల్సి వస్తుంది. ఈ సవరణలు ఎంత కాలం పడతాయో ముందుగా చెప్పలేం కనుక, దరఖాస్తు చేయడానికి రెండు నెలల ముందే మొదలుపెట్టండి.

దగ్గర ఉంచుకోవాల్సినవి:

- పదో తరగతి మెమో, ఐటీఐ వారికి జాతీయ ట్రేడ్ సర్టిఫికెట్, డిప్లొమా వారికి అన్ని సెమిస్టర్ల మెమోలు
- ఆధార్, పాన్, మొదటి పేజీ స్పష్టంగా కనిపించే బ్యాంకు పాస్‌బుక్ నకలు
- ఆధార్‌కు జత అయి, మీ చేతిలోనే ఉండే మొబైల్ నంబరు (అన్నయ్య నంబరు పనికిరాదు, ఓటీపీ వచ్చేసరికి ఆయన డ్యూటీలో ఉంటాడు)
- ఇంతకుముందు ఎక్కడైనా పనిచేసి ఉంటే రిలీవింగ్ లెటరు, పాత యూఏఎన్ నంబరు
- ఒకే రకమైన పాస్‌పోర్టు సైజు ఫొటోలు పది

## 3. పరీక్షకు, ఇంటర్వ్యూకు రెండు వారాల తయారీ

రాత పరీక్ష ఐటీఐ స్థాయిలోనే ఉంటుంది. శాతాలు, నిష్పత్తులు, యూనిట్ల మార్పిడి, డ్రాయింగు చదవడం, కొలత పరికరాలు చూసుకుంటే చాలా వరకు సరిపోతుంది. వెర్నియర్ కాలిపర్ లీస్ట్ కౌంట్ 0.02 మిల్లీమీటర్లు, మైక్రోమీటరుది 0.01 అని బట్టీపట్టి వచ్చినవాడి చేతికి కాలిపర్ ఇచ్చి ఈ బోల్టు కొలవమంటే తడబడటం తరచుగా చూస్తుంటాం. మీ ఐటీఐ వర్క్‌షాపుకు వెళ్లి, రోజుకు ఇరవై వస్తువులు కొలిచి రాసుకోండి.

ఇంటర్వ్యూలో అడిగేవాళ్లు మీ తెలివిని చూడటం కంటే మీరు చెప్పిన మాట మీద ఉండే మనిషేనా అన్నది చూస్తారు. తెలియని ప్రశ్నకు "తెలియదు సార్, నేర్చుకుంటాను" అని నిలకడగా చెప్పగలగడం మంచి జవాబు. తెలియనిదాన్ని కల్పించి చెప్పేవాడు రేపు లైన్ మీద బిగించని బోల్టును కూడా బిగించానని చెబుతాడేమో అన్నదే వారి భయం. ఆ భయం న్యాయమైనది.

ఇక ఒంటి సంగతి. షిఫ్టంతా నిలబడే పని చేయని కాళ్లు మొదటి వారంలోనే వాచిపోతాయి. చేరే ముందు రెండు వారాల పాటు రోజూ ఉదయం గంట నడవండి. ఇంట్లో చేయగలిగిన పనులన్నీ నిలబడే చేయండి.

## 4. వైద్య పరీక్ష

కంటిచూపు, రంగులు గుర్తించడం, వినికిడి, రక్తపోటు, రక్తపరీక్షలు సాధారణంగా ఉంటాయి. వైర్లను రంగును బట్టే గుర్తించాలి కనుక రంగుల పరీక్షకు ప్రాధాన్యం ఎక్కువ. కళ్లజోడు ఉంటే పెట్టుకునే వెళ్లండి. పాత ఆపరేషన్, మూర్ఛ, నడుంనొప్పి వంటివి దాచవద్దు. చెబితే వేరే విభాగానికి పంపే అవకాశం ఉంటుంది, దాస్తే మాత్రం తిరిగే యంత్రాల మధ్య మీ ప్రాణానికే ముప్పు.

## 5. మొదటి వారం: పనికంటే ముందు భద్రత

కర్మాగారంలో ప్రెస్ షాపులో రేకు ఆకారం దాలుస్తుంది, బాడీ షాపులో వెల్డింగుతో కారు శరీరం అవుతుంది, పెయింట్ షాపులో రంగు ఎక్కుతుంది, అసెంబ్లీలో కారవుతుంది. ప్రతి షాపుకూ దాని సొంత ప్రమాదం ఉంది.

ప్రెస్, బాడీ షాపుల్లో రేకు అంచు కత్తిలాంటిది. చేతికి కోత తగలకుండా కాపాడే గ్లౌజులు, మోచేతి దాకా స్లీవులు ఒక్క నిమిషమైనా తీయకూడదు. రోబో కంచె లోపలికి వెళ్లాల్సి వస్తే విద్యుత్తు ఆపి, మీ సొంత తాళం మీరే వేసి, తాళం చెవి మీ జేబులోనే పెట్టుకోవాలి. ఆ తాళాన్ని మీరు తప్ప ఎవరూ తీయకూడదు. "రెండు సెకన్ల పనే కదా" అన్న మాట మీ నోట రానివ్వకండి.

పెయింట్ షాపులో మీ తలనూనె కూడా శత్రువే. హెయిర్ సీరం, డియోడరెంట్, చేతి క్రీముల్లో ఉండే సిలికాన్ కణం తడి రంగు మీద పడితే రంగు అక్కడ నిలవక, చేప కన్ను ఆకారంలో గుంట పడుతుంది. పెయింట్ షాపు డ్యూటీ ఉన్న రోజుల్లో అవేవీ రాసుకోకండి.

అసెంబ్లీలో ఉంగరం, చేతి గడియారం, మొలతాడు, పైకి కనిపించే బెల్టు బకిల్ ఏదీ ఉండకూడదు. మీరు సీటు బిగించడానికి వంగినప్పుడు మీ బకిల్ డోరు మీద గీసే గీత, పదిమంది గంటల కొద్దీ చేసిన పనిని పాడుచేస్తుంది. ఎలక్ట్రిక్ కార్లు నడిచే లైన్ అయితే నారింజ రంగు కేబుళ్లు హై వోల్టేజివి. ఆ శిక్షణ పొందనివారు వాటిని తాకకూడదు.

చెవి ప్లగ్గులు పెట్టుకోవడం చిన్న విషయమే అయినా సరిగా పెట్టుకునేవారు తక్కువ. ప్లగ్గును రెండు వేళ్ల మధ్య సన్నగా నలిపి, రెండో చేతిని తల మీదుగా తెచ్చి చెవిని పైకి లాగి, లోపలికి దూర్చి, అది ఉబ్బేదాకా అర నిమిషం వేలితో అదిమి పట్టుకోవాలి. బయటికి సగం కనబడుతూ ఉంటే అది అలంకారమే తప్ప రక్షణ కాదు.

## 6. మీ స్టేషన్‌ను నేర్చుకునే వరుస

లైన్ మీద ప్రతి మనిషికీ ఒక స్టేషన్, ప్రతి స్టేషన్‌కూ టాక్ట్ టైమ్ (ఒక కారు మీద ఆ పని ముగించడానికి దొరికే సమయం) ఉంటాయి. లెక్క వేసి చూద్దాం. ఏడాదికి 3 లక్షల కార్లు తయారుచేయగల కర్మాగారం 300 రోజులు నడిస్తే రోజుకు 1,000 కార్లు. రోజుకు 22 గంటలు లైన్ కదిలిందనుకుంటే 79 సెకన్లకు ఒక కారు. ఆ 79 సెకన్లలో మీరు భాగాన్ని తీసుకోవాలి, బిగించాలి, సరిచూసుకోవాలి, తిరిగి మొదటి చోటికి నడిచి రావాలి. ఇదంతా కలిపితేనే టాక్ట్.

నేను కొత్తవారికి నేర్పిన వరుస ఇది:

1. మొదటి రోజు చేయి పెట్టకండి. పాత ఆపరేటరు ఒకే పనిని వరుసగా ముప్పై కార్ల మీద చేయడం చూడండి. ఏ కాలు ముందు వేస్తున్నాడో, ఏ చేత్తో టూల్ అందుకుంటున్నాడో గమనించండి.
2. ఎస్‌ఓపీ (పనిని ఏ వరుసలో, ఎలా చేయాలో రాసిన) కాగితంలోని అంశాలను చూడకుండా, అదే వరుసలో పైకి చెప్పగలగాలి. ప్రతి అంశం ఎందుకో కూడా అడిగి తెలుసుకోండి.
3. లైన్ ఆగిన సమయంలో, విరామంలో, అనుమతి తీసుకుని నెమ్మదిగా చేసి చూడండి.
4. కదిలే లైన్ మీద సగం పని మీరు, సగం పాత ఆపరేటరు చేయండి. వేగం గురించి ఆలోచించకండి.
5. మొత్తం పని మీరు చేయండి, ఆయన ప్రతి కారూ సరిచూడాలి.
6. ఒక షిఫ్టంతా తప్పు లేకుండా వచ్చాకే ఒంటరిగా నిలబడండి.

ఒకే లైన్ మీద వేర్వేరు మోడళ్లు, వేరియంట్లు, కొన్నిసార్లు ఎగుమతికి వెళ్లే ఎడమవైపు స్టీరింగ్ కార్లు ఒకదాని వెంట ఒకటి వస్తాయి. అందుకే కారు మీ గీత దాటి రాగానే ముందుగా చేయి భాగం మీదకు కాదు, కన్ను స్పెక్ షీటు (ఆ కారుకు ఏ భాగాలు వేయాలో రాసిన కాగితం) మీదకు వెళ్లాలి. వరుసగా ఇరవై ఒకే రకం కార్లు వచ్చాక ఇరవై ఒకటోది వేరే రకం వచ్చినప్పుడే తప్పులు జరుగుతాయి.

## 7. రెండు పనులు దగ్గరగా చూద్దాం

కనెక్టర్. తొయ్యాలి, టక్కుమన్న శబ్దం రావాలి, వెనక్కి లాగి చూడాలి. మూడూ చేయాల్సిందే. లైన్ హోరులో ఆ టక్కు చాలాసార్లు వినబడదు, అయితే వేలి చివరకు తెలుస్తుంది. కాబట్టి వేలిని నమ్మండి. లాగేటప్పుడు వైరును కాదు, కనెక్టర్ ప్లాస్టిక్ భాగాన్ని పట్టుకుని లాగాలి. సగం కూర్చున్న కనెక్టర్ ఆ రోజుకు పనిచేస్తుంది. మూడు నెలల తర్వాత గతుకుల రోడ్డు మీద ఊడుతుంది. అందుకే ఇది అన్నిటికంటే ప్రమాదకరమైన తప్పు.

వీల్ నట్టు. ముందు చేత్తో రెండు మూడు చుట్లు తిప్పి ఎక్కించాలి. చేత్తో తేలిగ్గా తిరగకపోతే థ్రెడ్ క్రాస్ అవుతోందని అర్థం. గన్ పెట్టి బలవంతం చేస్తే స్టడ్ పోతుంది. ఐదు నట్లనూ గుండ్రంగా వరుసలో కాక, ఎదురెదురుగా, నక్షత్రం గీసినట్లు బిగించాలి. అప్పుడే చక్రం హబ్ మీద సమంగా కూర్చుంటుంది. హ్యుందాయ్, కియా కార్లకు సాధారణంగా చెప్పే బిగింపు 11 నుంచి 13 కేజీఎఫ్ మీటర్లు, అంటే సుమారు 108 నుంచి 127 న్యూటన్ మీటర్లు. మీ లైన్ మీద మాత్రం ఎస్‌ఓపీలో ఉన్న అంకెనే పాటించండి. టార్క్ రెంచి ఒక్కసారి క్లిక్‌మనగానే ఆగాలి. నమ్మకం కోసమని రెండోసారి, మూడోసారి క్లిక్ చేస్తే బిగింపు పరిమితి దాటిపోతుంది.

## 8. తప్పు జరిగిందని అనిపిస్తే

ఈ మార్గదర్శి మొత్తంలో ఒక్కటే చదివే ఓపిక ఉంటే ఈ భాగం చదవమంటాను.

చేరిన మూడో నెలలో నేను డాష్‌బోర్డు కింద ఒక కనెక్టర్ పెడుతుండగా పక్కవాడు ఏదో అడిగాడు. జవాబు చెప్పి తిరిగేసరికి కారు ముందుకు వెళ్లిపోయింది. లాగి చూశానో లేదో గుర్తు లేదు. సాయం కోరే ఆండాన్ తాడు లాగితే లైన్ ఆగుతుంది, అందరూ నా వైపే చూస్తారని భయపడి ఊరుకున్నాను. చివరి తనిఖీలో ఆ కారుకు ఎయిర్‌బ్యాగ్ దీపం వెలిగింది. నలుగురు కలిసి డాష్‌బోర్డు విప్పి వెతికితే దొరికింది నా కనెక్టరే. నన్ను ఎవరూ తిట్టలేదు. మా లైన్ లీడర్ మాత్రం పక్కకు పిలిచి, "దీపం వెలిగింది కాబట్టి సరిపోయింది బాబూ, వెలగకపోయి ఉంటే?" అని అడిగారు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

అనుమానం వస్తే చేయాల్సిన వరుస:

1. వెంటనే ఆండాన్ తాడు లాగండి లేదా బటన్ నొక్కండి. చాలా లైన్లలో తాడు లాగిన క్షణమే లైన్ ఆగదు. ముందు దీపం వెలుగుతుంది, లీడర్ వస్తారు, స్టేషన్ హద్దులోపు పరిష్కారం కాకపోతేనే ఆగుతుంది.
2. కారు సీక్వెన్స్ నంబరు చెప్పండి. నంబరు గుర్తు లేకపోతే "ఇప్పుడు దాటిన రెండు కార్లలో ఒకటి" అని చెప్పినా చాలు.
3. ఏం జరిగిందో, ఏది గుర్తు లేదో ఉన్నది ఉన్నట్లు చెప్పండి. సాకు కలపకండి.
4. మీ అంతట మీరే కారు వెళ్లిన తర్వాతి స్టేషన్‌కు పరుగెత్తి సరిచేయకండి. అక్కడ వేరొకరి పని నడుస్తుంటుంది, మీ వెనక తర్వాతి కారు వచ్చేస్తుంది.

తాడు లాగినందుకు కసురుకునే లీడర్లు కూడా ఉంటారు, కాదనను. అలాంటిచోట కూడా లాగండి. ఆ కారులో కూర్చోబోయేది ఎవరి బిడ్డో మీకు తెలియదు.

## 9. తరచూ జరిగే పొరపాట్లు, సవరణలు

- టాక్ట్ అందడం లేదు. చేయి వేగం పెంచకండి, అడుగులు లెక్కపెట్టండి. చాలావరకు సమయం పోయేది ర్యాకుకు, కారుకు మధ్య నడకలో. ర్యాకును దగ్గరికి జరపమని లీడర్‌ను అడగండి. ఇదే మీ మొదటి కైజెన్ (పనిని కొద్దికొద్దిగా మెరుగుపరచే) సూచన అవుతుంది.
- భాగాలను జేబులో వేసుకోవడం. క్లిప్పులు నాలుగు చేతిలో ఉంటే సుఖమనిపిస్తుంది. కానీ లెక్క తప్పితే మిగిలిన క్లిప్పు ఏ కారుదో తెలియదు. ట్రేలోంచే తీయండి.
- కింద పడ్డ బోల్టును వాడటం. వాడకూడదు. పనికిరాని భాగాలు వేసే ఎర్ర డబ్బాలో వేసి కొత్తది తీసుకోండి.
- పోకా యోకేను దాటవేయడం. తప్పు జరగకుండా ఆపే సెన్సరును టేపు అంటించి మోసం చేయడం కొందరు పాతవారు నేర్పుతారు. మర్యాదగా వద్దనండి.
- భాష రాక మౌనంగా ఉండటం. కొరియా, జపాన్ నుంచి వచ్చిన ఇంజనీర్లకు మీ ఇంగ్లీషు వ్యాకరణం అక్కర్లేదు. భాగాన్ని చూపించి, మంచిదాన్నీ చెడ్డదాన్నీ పక్కపక్కన పెడితే వారికి వెంటనే అర్థమవుతుంది.

## 10. షిఫ్టులు, నిద్ర, భోజనం

రాత్రి షిఫ్టులో తెల్లవారుజామున రెండు నుంచి నాలుగు మధ్య కళ్లు బరువెక్కుతాయి. కడుపునిండా అన్నం తిని ఎక్కితే అది రెట్టింపవుతుంది. షిఫ్టుకు ముందు సగం భోజనం, విరామంలో తేలికపాటి తిండి మేలు. పగటి నిద్రకు కిటికీకి మందపాటి దుప్పటి కట్టండి. గదిలో ఉండే నలుగురూ ఒకే షిఫ్టువారైతే ఇంకా మంచిది. నిద్ర లేకుండా బైకు మీద 44వ నంబరు జాతీయ రహదారి ఎక్కవద్దు, కంపెనీ బస్సులోనే రండి.

## 11. జీతం చీటీ చదవడం

ప్రతి నెలా చీటీని దాచుకుని ఈ నాలుగూ చూడండి:

- పీఎఫ్ కోత: పీఎఫ్ లెక్కకు తీసుకునే వేతనంలో మీ వాటా 12 శాతం. కోసినది ఖాతాలో పడిందో లేదో యూఏఎన్ పాస్‌బుక్‌లో సరిచూడండి.
- ఈఎస్‌ఐ పరిధిలో ఉంటే కోత 0.75 శాతం. కార్డు తీసుకుని తల్లిదండ్రుల పేర్లు అర్హతను బట్టి చేర్పించండి.
- ఓవర్‌టైమ్ గంటలు: మామూలు రేటుకు రెట్టింపు రావాలి. మీరు చేసిన గంటలను తేదీలతో ఒక చిన్న పుస్తకంలో రాసుకోండి.
- హాజరు: ఒక్క రోజు తేడా ఉన్నా అదే నెలలో అడగండి, మరుసటి నెలకు ఎవరికీ గుర్తుండదు.

## 12. ఆరో నెలలో అడగాల్సినది

లైన్ పక్కన బోర్డు మీద స్కిల్ మ్యాట్రిక్స్ (ఎవరికి ఏ పని ఎంత వచ్చో చూపే పట్టిక) ఉంటుంది. అందులో ప్రతి ఆపరేటరు పేరు ఎదుట, ప్రతి స్టేషన్‌కూ నాలుగు భాగాలు చేసిన ఒక వృత్తం ఉంటుంది. ఒక భాగం నింపి ఉంటే నేర్చుకుంటున్నాడని, రెండయితే తోడుతో చేయగలడని, మూడయితే ఒంటరిగా చేయగలడని, నాలుగూ నిండితే ఇతరులకు నేర్పగలడని సాధారణంగా లెక్క.

ఆరు నెలలకు మీ స్టేషన్‌లో మూడు భాగాలు నిండి ఉండాలి. అప్పుడు లీడర్ దగ్గరకు వెళ్లి, "సార్, నా ముందు స్టేషన్, తర్వాత స్టేషన్ నేర్పించండి" అని అడగండి. ముందు స్టేషన్ తెలిస్తే మీ దగ్గరకు వచ్చే తప్పు కనబడుతుంది. తర్వాతది తెలిస్తే మీ తప్పు వల్ల ఎవరు ఇబ్బందిపడుతున్నారో తెలుస్తుంది. మూడు స్టేషన్లు వచ్చినవాణ్ణి రిలీవరుగా (ఎవరైనా లేనప్పుడు వారి చోట నిలబడేవాడిగా) తీసుకుంటారు, కాంట్రాక్టు పొడిగించేటప్పుడు ఆ పేరే ముందు చూస్తారు. బోర్డు మీద వృత్తం నింపిన రోజు తేదీని మీ చిన్న పుస్తకంలోనూ రాసుకోండి. వేరే కంపెనీ ఇంటర్వ్యూలో "ఏయే పనులు వచ్చు" అని అడిగితే ఆ పేజీ తెరిచి చెప్పవచ్చు.